సంగటి ముద్ద మళ్ళీ మొలిచిందే! కామెడీ ఎపిసోడ్‌లో తప్పులు పట్టడం ఎట్లా

మా మేనత్తకు సీరియళ్ళ మీద పెద్ద మోజు లేదు గానీ కామెడీ ఎపిసోడ్ వస్తే మాత్రం స్టవ్ ఆపేసి వచ్చి కూర్చుంటుంది. పోయిన వేసవిలో తిరుపతిలో వాళ్ళింట్లో అట్లాగే ఒకటి చూస్తున్నాం. కొత్తల్లుడు అత్తగారింట్లో భోజనానికి కూర్చున్నాడు, ముందర రాగి సంగటి, నాటుకోడి పులుసు. సగం ముద్ద తిన్నాడు, మామగారు కట్నం డబ్బుల గురించి ఏదో అన్నాడు, అల్లుడికి పొలమారింది, అందరం పడీ పడీ నవ్వాం. మళ్ళీ అల్లుణ్ణి చూపించేసరికి ముద్ద గుండ్రంగా, ఎవరూ చెయ్యి పెట్టనట్టు కూర్చుని ఉంది. "ఏందిరా అబ్బోడా, ముద్ద మళ్ళీ మొలిచిందే!" అంది అత్త.

నేనూ ఆ ముద్దను చూశాను, కానీ తట్టలేదు. నవ్వుతూ ఉన్నాను మరి. రాత్రి ఫోన్‌లో అదే ఎపిసోడ్ పెట్టి ఆ భోజనం సీను ఏడెనిమిది సార్లు వెనక్కీ ముందుకీ తిప్పి చూస్తే ముద్ద ఒక్కటే కాదు, నీళ్ళ గ్లాసు కుడి నుంచి ఎడమకు వచ్చింది, అల్లుడి చొక్కా పైగుండీ ఒకసారి పెట్టి ఉంది ఒకసారి ఊడి ఉంది, మామగారి భుజం మీద తువ్వాలు ఒక షాట్‌లో అసలు లేనే లేదు. అప్పట్నుంచి ఇదో పిచ్చి పట్టుకుంది. రూళ్ళ నోటుబుక్కు కూడా ఒకటి పెట్టాను. ఇంట్లో పనీపాటా లేదా అంటారు, అననీ. ఇట్లా పట్టడం ఎట్లా అని ఇద్దరు ముగ్గురు అడిగారు కాబట్టి నేను చేసే పద్ధతి రాస్తున్నా.

మొదటిసారి చూసేటప్పుడు పెన్ను ముట్టుకోవద్దు. మామూలుగా చూడండి, నవ్వొస్తే నవ్వండి. చేయాల్సింది ఒక్కటే, ఎక్కడ గట్టిగా నవ్వారో ఆ నిమిషం గుర్తు పెట్టుకోండి. కామెడీలో తప్పు నవ్వు పక్కనే ఉంటుంది. ఇది నేను నోటుబుక్కు సగం నిండాక తెలుసుకున్న సంగతి, ముందే తెలిసుంటే సగం టైము మిగిలేది.

ఎందుకు పక్కనే ఉంటుందంటే, ఆ సీను తీసే పద్ధతి చూడాలి. తెర మీద రెండు నిమిషాలుండే భోజనం సీను తీయడానికి సగం పూట పడుతుంది. ముందు అందరూ కనిపించేట్టు దూరం నుంచి సీను మొత్తం ఒకసారి తీస్తారు, దాన్ని మాస్టర్ అంటారు. తర్వాత మామగారి భుజం మీదుగా అల్లుణ్ణి, మళ్ళీ అటువైపు నుంచి మామగారిని తీస్తారు, మనవాళ్ళు దీన్ని సజెషన్ షాట్ అంటారు. ఆ తర్వాత ఒక్కొక్కరి క్లోజప్పులు. కెమెరా మారిన ప్రతిసారీ లైట్లు సర్దాలి, ఈలోపు సంగటి ఎండిపోతుంది, ఆర్టిస్టు ఫోన్ వస్తే లేచిపోతాడు, టచప్ అని ఎవరో వచ్చి జుట్టు సరిచేస్తారు. మళ్ళీ కూర్చుంటే అదే డైలాగు, అదే ముద్ద, అదే పొలమారడం. ఏ మాట దగ్గర ముద్ద ఎంత ఉంది, ఏ చేత్తో గ్లాసు ఎత్తాడు అన్నది కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్ రాసుకోవాలి, ఫోటోలు తీసి పెట్టుకోవాలి. వాళ్ళు రాసుకుంటారు కూడా.

అయినా తప్పు ఎట్లా వస్తుందంటే, ఎడిటింగ్ దగ్గర వస్తుంది. అల్లుడి పొలమారడం ఆరు టేకులు తీశారనుకోండి. అయిదో టేకులో ముద్ద సరిగ్గా సగమే ఉంది, కానీ దగ్గు తెచ్చిపెట్టుకున్నట్టుంది. రెండో టేకులో దగ్గు అదిరిపోయింది, ముద్ద మాత్రం అప్పుడే కొత్తగా పెట్టింది. ఎడిటర్ ఏది వాడతాడు? రెండోదే వాడతాడు, నేనైనా అదే వాడతాను. ఏడుపు సీనులో అయితే క్షణం అటూ ఇటూ అయినా నడుస్తుంది, నవ్వు మాత్రం అర సెకను ఆలస్యమైతే చచ్చిపోతుంది. అందుకని టైమింగ్ కోసం ముద్దను వదిలేస్తారు. చూసేవాళ్ళ కళ్ళు ఎట్లాగూ మొహం మీదే ఉంటాయి, ముద్ద మీద ఉండవు, మా అత్త లాంటి వాళ్ళవి తప్ప. ఆమె వంట చేసే మనిషి, ముందు కంచంలోకే చూస్తుంది.

రెండోసారి చూసేటప్పుడు సౌండ్ పూర్తిగా తీసేయండి. డైలాగు వినపడుతుంటే మెదడు కథ వెంట పోతుంది, సౌండ్ లేకపోతే అదే ఎపిసోడ్ ఎవరో కుర్చీలు జరుపుతూ గ్లాసులు మార్చుతూ ఉన్న గదిలాగ కనపడుతుంది. నమ్మకపోతే ఒకసారి చేసి చూడండి. ఒక్కో ఫ్రేము, అంటే కదలని ఒక్కో బొమ్మ, ఆపి చూసే పని టీవీలో కుదరదు, ఫోన్‌లో కొంచెం కష్టం, కంప్యూటర్ ఉంటే హాయి. యూట్యూబ్‌లో అయితే వీడియో ఆపి కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ మీట నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు పోతుంది, కామా నొక్కితే వెనక్కు వస్తుంది. జె నొక్కితే పది సెకన్లు వెనక్కి, ఎల్ నొక్కితే పది సెకన్లు ముందుకి. ఫైలు మీ దగ్గరే ఉండి వీఎల్‌సీలో చూస్తుంటే ఇ అనే మీట నొక్కండి, ఒక్కో ఫ్రేము కదులుతుంది. మన టీవీ లెక్కలో సెకనుకు 25 ఫ్రేములు. షాటు మారే చోటు ఎప్పుడూ రెండు ఫ్రేముల మధ్య ఉంటుంది, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలిగితే సగం పని అయిపోయినట్టే. స్క్రీన్‌షాట్ తీసుకోండి, లేకపోతే రేపు ఎవరన్నా "యాడ చూసినావు?" అంటే చూపించలేరు.

అన్నీ ఒకేసారి చూడాలనుకుంటే ఏదీ కనపడదు. నేను ఒక రౌండు చేతులే చూస్తాను, ఏ చేతిలో ఏముంది, ఉంగరం ఉందా, గాజులెన్ని. ఇంకో రౌండు తలలు. ఇంకోటి వెనకాల గోడ. నోటుబుక్కులో రాసేటప్పుడు తప్పు ఒక్కటే రాయొద్దు, రెండు వైపులూ రాయాలి: "12:40, మాస్టర్, ముద్ద సగం. 12:43, అల్లుడి క్లోజప్, ముద్ద నిండు." ఇట్లా రాస్తే పది ఎపిసోడ్ల తర్వాత తిరగేసినప్పుడు తప్పులు ఎక్కువగా ఏ షాటు నుంచి ఏ షాటుకు పోయేటప్పుడు వస్తున్నాయో మీకే తెలుస్తుంది. నా పుస్తకంలో ఎక్కువ భాగం మాస్టర్ నుంచి క్లోజప్‌కు పోయే చోటే ఉన్నాయి.

చేతుల విషయంలో ఒకటి చెప్పాలి. ఫోన్ స్క్రీన్ చూపించే షాటు, ఉత్తరం విప్పే షాటు, డబ్బులు లెక్కపెట్టే షాటు, ఇవి చాలాసార్లు తర్వాత ఎప్పుడో విడిగా తీసినవి. ఆ ఆర్టిస్టు అప్పుడు లేకపోతే అక్కడ ఉన్న ఎవరి చెయ్యో పెట్టి కానిచ్చేస్తారు. కాబట్టి గోళ్ళ రంగు చూడండి. ఫోన్ స్క్రీన్ మీద పైన టైము, బ్యాటరీ ఉంటాయి కదా, అవీ చూడండి. మధ్యాహ్నం భోజనాల దగ్గర వచ్చిన మెసేజీకి ఫోన్‌లో రాత్రి 9:52 ఉంటే వాళ్ళు ప్యాకప్ ముందు హడావిడిగా తీసుకున్నారని అర్థం.

ఇక పూలు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, దీన్ని పట్టడం మగవాళ్ళ వల్ల కాదని అత్త అంటుంది. మల్లె మొగ్గలు పగలు ముడుచుకుని ఉంటాయి, సాయంత్రం పొద్దు వాలాక విచ్చుకుంటాయి. సీనులో కోడలు తల తిప్పిన ప్రతిసారీ జడ చూడండి. ఒక షాట్‌లో గట్టి మొగ్గలు, మూడు సెకన్ల తర్వాత షాట్‌లో పూర్తిగా విచ్చిన పూలు, మళ్ళీ తర్వాత మొగ్గలు. అంటే ఆ సీను మధ్యాహ్నం మొదలై చీకటి పడేదాకా నడిచింది, ఎడిటర్ ముందూ వెనకా కలిపేశాడు. గడియారం దాచొచ్చు, ఎండ బదులు లైటు పెట్టొచ్చు, మల్లెపూలను మాత్రం ఆపలేరు. కనకాంబరాలు పెడితే ఈ గొడవ ఉండదు, అవి వాడినా అంతగా తెలియదు. ప్లాస్టిక్ పూలు పెట్టి మోసం చేసేవాళ్ళు ఉన్నారు, వాటి గురించి మాట్లాడటం దండగ.

బొట్టు స్టిక్కరు పైకీ కిందకీ జరగడం, పైట మడతలు, ఇవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి నేను రాయడం మానేశాను. పైట కుడి భుజం మీదకు వస్తే మాత్రం ఆపి చూడండి. మన కట్టులో పైట ఎడమ భుజం మీద ఉంటుంది, చొక్కా జేబు ఎడమ వైపు ఉంటుంది. ఒక్క షాట్‌లో రెండూ కుడికి మారాయంటే ఎడిటర్ ఆ షాటును అద్దంలో లాగ తిరగేశాడు, మనుషులు ఒకరినొకరు చూసుకుంటున్నట్టు రావడానికో, అవసరమైన షాటు తీయడం మరిచిపోయినందుకో. అప్పుడు గోడ మీద అక్షరాలు కూడా తిరగబడి ఉంటాయి, వాటి కోసం వెతకండి.

స్టీలు సామాను ఉన్న వంటగది కనపడితే వదలొద్దు. మన వంటిళ్ళలో బిందెలు, డబ్బాలు, టిఫిన్ క్యారియర్లు తళతళా తోమి వరసగా పెట్టి ఉంటాయి కదా, ప్రతిదీ ఒక బొద్దు అద్దమే. ఆపేసిన టీవీ, బీరువా అద్దం అయితే కెమెరామ్యాన్ ముందే జాగ్రత్తపడతాడు, బిందె పొట్ట ఎవరికీ గుర్తుండదు. ఒకసారి అత్తాకోడళ్ళు వంటింట్లో పోట్లాడుకుంటుంటే పప్పు డబ్బా మీద మూడు కాళ్ళ స్టాండు, దాని పక్కన టోపీ పెట్టుకుని మొక్కజొన్న పొత్తు తింటున్న మనిషి కనపడ్డారు.

ఫ్యాన్ సంగతి అందరూ గమనించే ఉంటారు. మే నెల, తిరుపతి, పాత్ర విసనకర్రతో విసురుకుంటూ ఉక్క ఉక్క అంటూ ఉంటుంది, తల మీద ఫ్యాన్ కదలదు. కరెంటు పోయిందా అంటే పక్కన టీవీ ఆడుతూ ఉంటుంది. షూటింగ్‌లో అక్కడికక్కడే మాటలు రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతుందని ఆపేస్తారు. ఇది తప్పే, కానీ జాలిపడాల్సిన తప్పు. ఆ లైట్ల కింద ఫ్యాన్ లేకుండా పట్టుచీర కట్టుకుని నవ్వించడం మాటలు కాదు.

పెద్ద తప్పులు మాత్రం ఒక సీనులో ఉండవు, రెండు సీన్ల మధ్య ఉంటాయి. ఒక ఇంటి హాల్లో జరిగే సీన్లన్నీ, కథలో ఎప్పుడు వచ్చేవైనా సరే, ఒకే రోజు తీసేస్తారు, లొకేషన్ అద్దె, ఆర్టిస్టుల కాల్షీట్లు అట్లా ఉంటాయి. కాబట్టి ఎపిసోడ్ చూస్తూ ప్రతి సీనుకూ ఇది కథలో ఎన్నో రోజు అని ఒక అంకె వేసుకోండి. దీనికి మంచి పరీక్ష గుండు. కొండకు పోయే కథ అంటే ఎవరో ఒకరు గుండు కొట్టించుకోక తప్పదు, కామెడీ అయితే మరీను. మొదటి రోజు కళ్యాణకట్టలో గుండు అయింది, గంధం పూసుకున్నాడు. రెండో రోజు ఇంట్లో టోపీ పెట్టుకున్నాడు, టోపీ కింద చెవుల పక్క నల్లటి క్రాపు తొంగి చూస్తోంది. మూడో రోజు మళ్ళీ గుండు, ఈసారి గంధం ఇంకా తడిగా! ఆర్టిస్టు నిజంగా గుండు కొట్టించుకోడు, వేరే ప్రాజెక్టులు ఉంటాయి, తొడిగే తొడుగు చెవి వెనక ముడత పడుతుంది. ముడత గురించి నేను రాయను, గంధం గురించి రాస్తాను.

గోడ క్యాలెండరు కూడా రోజులు పట్టిస్తుంది. సంక్రాంతి స్పెషల్‌లో గోడ మీద జూన్ నెల కాగితం ఉంటే సెట్టు ఎప్పుడు వేశారో మీకు తెలిసిపోయింది. ఒకటో తేదీ ఏ వారం పడిందో కనపడితే, అది ఏ సంవత్సరం అయ్యుండొచ్చో కూడా ఫోన్‌లో క్యాలెండరు వెనక్కి జరిపి అంచనా వేయొచ్చు.

ఇప్పటిదాకా చెప్పినవి తెర లోపలి తప్పులు, వాటికి కళ్ళు చాలు. లోకంతో పోల్చి పట్టే తప్పులకు ఊరు తెలిసి ఉండాలి. తిరుపతి మీద తీసిన ఎపిసోడ్లలో ఇవి కుప్పలు, ఎందుకంటే ఆలయం లోపల షూటింగ్ కుదరదు, సెట్టు వేసి తీస్తారు, రాసేవాళ్ళు దర్శనానికి ఒకసారి వచ్చిపోయినవాళ్ళు. ఒక హీరో గారు గర్భగుడి ముందర క్యూలో సెల్ఫీ తీసుకుంటాడు. ఫోను లోపలికి ఎట్లా పోయింది నాయనా? బయటే డిపాజిట్ చేసి వెళ్ళాలి కదా. కథకు సెల్ఫీయే కీలకం, దాని వల్లే తర్వాత గొడవంతా, కాబట్టి ఈ తప్పుకు నేను నోటుబుక్కులో ఎర్ర ఇంకు వాడాను. కథ దేని మీద నిలబడిందో అదే తప్పైతే ఎర్ర ఇంకు, లేకపోతే నీలం.

ఘాట్ రోడ్డు ఇంకోటి. కొండకు రెండు ఘాట్ రోడ్లు, 1944లో పడిన మొదటిది ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. కారులో కొండెక్కుతూ మలుపులో ఎదురుగా వచ్చిన బస్సును చూసి మామగారు గోవిందా అని అరిచే జోకు ఈ రోజుల కథలో అయితే తప్పు, ఎదురుగా బస్సు రాదు. అదే మామగారి పెళ్ళినాటి 1960ల ఫ్లాష్‌బ్యాక్ అయితే ఒప్పు, అప్పుడు ఉన్నది ఒక్కటే దారి. ముందు కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో తేల్చుకోకుండా తప్పని రాయొద్దనేది ఇందుకే.

సంవత్సరం తేల్చడానికి బండి నంబరు ప్లేటు, నోట్లు చాలు. చిత్తూరు జిల్లా బండ్లకు ఏపీ 03 ఉండేది, 2019 నుంచి కొత్త బండ్లకు రాష్ట్రమంతా ఒకటే ఏపీ 39 వచ్చింది. 2005లో కాలేజీ రోజులంటూ చూపించిన స్కూటర్‌కు ఏపీ 39 ఉంటే పట్టేసినట్టే. హైదరాబాద్ నుంచి చుట్టాల కారు వస్తే టీఎస్ 2014 తర్వాతది, టీజీ 2024 తర్వాతది. పెళ్ళి చదివింపుల్లో గులాబీ రంగు రెండు వేల నోటు కనపడితే అది 2016 నవంబరు కంటే ముందు జరిగిన పెళ్ళి కాదు, 200 నోటైతే 2017 తర్వాత. టీ అంగట్లో స్కానర్ స్టిక్కరు అయితే ఎవరూ తీయరు, 2008 నాటి ప్రేమకథ వెనకాల అది హాయిగా మెరుస్తూ ఉంటుంది. యూపీఐ వచ్చిందే 2016లో.

నాకు బాగా నచ్చినది సూర్యోదయం. ఎపిసోడ్ మొదట్లో తిరుపతి ఊరు, వెనక ఏడుకొండలు, వాటి వెనక నుంచి ఎర్రగా లేస్తున్న సూర్యుడు, ఫ్లూటు సంగీతం. తిరుపతి ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళెవరైనా చెప్తారు, మనకు కొండ ఉత్తరాన ఉంది. ఊళ్ళో నిలబడి కొండకేసి చూస్తే పొద్దు కుడి చేతి వైపు పొడుస్తుంది, ఎడమ చేతి వైపు గూకుతుంది, కొండ వెనక నుంచి మాత్రం రాదు. ఎక్కడో తీసిన సూర్యుణ్ణి తెచ్చి అతికించారన్నమాట. ఎవరికీ నష్టం లేదు, నీలం ఇంకే, కానీ పట్టినప్పుడు వచ్చే ఆనందం వేరు.

పండగలు వస్తే పంచాంగం తీయండి. బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు, గరుడ సేవ అయిదో రోజు రాత్రి. ఆఖరు రోజు గరుడ సేవ చూసి తిరుగు రైలెక్కుతున్నాం అన్నాడంటే రాసినవాడు చూడలేదన్నమాట, ఆఖరు రోజు చక్రస్నానం. ముక్కోటి ఏకాదశి తెల్లవారుజామున ఆలయంలో సుప్రభాతం వినిపించడం ఇంకో తప్పు. ధనుర్మాసం నెల రోజులూ కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు, ముక్కోటి వచ్చేది ఆ నెలలోనే. అదే సుప్రభాతం పక్కింటి రేడియోలో వస్తే తప్పు కాదు, ఇళ్ళల్లో ఎవరిష్టం వాళ్ళది. ఆ రాత్రి ఆకాశంలో సన్నటి నెలవంక పెట్టారా? శుద్ధ ఏకాదశి చంద్రుడు ముప్పావు దాటి ఉంటాడు.

అలిపిరి మెట్లు 3,550, శ్రీవారి మెట్టు దారి అయితే సుమారు 2,400. మామగారు "నేను అయిదు వేల మెట్లు ఒంటి కాలితో ఎక్కినా" అంటే దయచేసి తప్పని రాయకండి. ఆయన గొప్పలు చెప్పుకునే పాత్ర, అబద్ధం చెప్పడమే ఆయన ఉద్యోగం. పాత్ర తప్పు మాట్లాడితే అది పాత్ర గుణం, బోర్డు మీద తప్పు రాసి ఉంటేనో, కథ ఆ అంకె మీద నడిస్తేనో రాసినవాళ్ళ తప్పు. ఈ తేడా తెలియక నేను మొదట్లో పేజీలు పేజీలు పాడుచేశాను. ఫ్రెండ్స్ అనే అమెరికా కామెడీలో రాస్ వయసు మూడు సీజన్ల పాటు 29 దగ్గరే ఆగిపోయింది, అది మాత్రం పాత్ర గొప్పలు కాదు, తప్పే. అందులోనే మోనికా ఇంటి నంబరు మొదట 5 ఉండి తర్వాత 20 అయింది. ఇల్లు పై అంతస్తులో ఉంటే నంబరు 5 ఎట్లా అవుతుందని వాళ్ళకే తట్టి మార్చుకున్నారు. చూసేవాళ్ళకు మార్పే తప్పులాగ కనపడుతుంది, అసలు తప్పు పాత నంబరు.

ఇంకో రకం ఉంది, బయటివాళ్ళకు తప్పులాగ అనిపించి మనకు కాకపోవడం. మా తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర నేపథ్యంగా తీసిన సీనులో మీసాల మనిషి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని బజార్లో పోతుంటాడు. ముందు సీనులో ప్యాంటులో ఉన్నాడే, ఇదేం కంటిన్యుటీ అని ఒక హైదరాబాద్ స్నేహితుడు నాకు రాశాడు. మొక్కుకుని వేషం కట్టడం జాతరలో ఆచారం, బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొకటి. ఆ సీను రాసినవాళ్ళు మా ఊరు బాగా తెలిసినవాళ్ళు. కానీ అదే సీనులో వెనకాల తోటలో కోతకు వచ్చిన తోతాపురి మామిడి కాయలతో పాటు చెట్ల నిండా కొత్త పూత కూడా ఉంది, పూత జనవరి ఫిబ్రవరిలోది, జాతర మే నెలలో. రెండు తోటల షాట్లు కలిపారు.

నేను తప్పు పట్టి తప్పులో కాలేసిన సంగతి కూడా చెప్పాలి కదా. ఒక ఎపిసోడ్‌లో ఎస్సై పాత్ర "మా తిరుపతి జిల్లా సముద్రంలో దూకినా వదలను" అంటుంది. నేను ఎగిరి గంతేసి, తిరుపతి జిల్లాలో సముద్రం ఎక్కడిది, చంద్రుడి మీద ఉందా అని పెద్ద పోస్టు పెట్టాను. చిన్నప్పటి నుంచి చిత్తూరు జిల్లా మ్యాపు గీసిన చెయ్యి, కొండలూ మామిడి తోటలే తప్ప సముద్రం ఎక్కడా గీయలేదు. కింద ఒక సూళ్ళూరుపేట అమ్మాయి వచ్చి, అన్నా, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మా వైపు కూడా ఇందులోనే కలిసింది, శ్రీహరికోటకు వచ్చి ఒకసారి అలలు చూసిపో అని రాసింది. పోస్టు తీసేద్దామనుకున్నాను, అప్పటికే మా బావ స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. అందుకని ఇప్పుడు నియమం పెట్టుకున్నాను: నాకు బాగా తెలుసు అనుకున్న విషయమైతే రెండుసార్లు చూస్తాను, తెలియని విషయమైతే ఎట్లాగూ చూస్తాను.

యాస గురించి రాయాలంటే వేరే పోస్టు కావాలి. క్లుప్తంగా, చిత్తూరు పాత్ర ఒక మాట "వస్తా ఉండా" అని, తర్వాత మాట "వస్తున్నానండీ" అంటే డబ్బింగ్ వాళ్ళ మీదకు పోకండి, ఎదుట ఎవరున్నారో చూడండి. మా చిన్నాయన కూడా బ్యాంకు మేనేజర్ ముందర ఇంకో మనిషి అయిపోతాడు.

నోటుబుక్కులో ఎరుపు, నీలం కాకుండా మూడో గుర్తు ఒకటి పెట్టుకోండి, ప్రశ్న గుర్తు. తేలనివి అక్కడ వేయాలి. నా దగ్గర ఇప్పుడు ఒకటుంది. అదే సంగటి ఎపిసోడ్‌లో హాల్లో గోడ గడియారం, టిఫిన్ల టైములో 4:20 చూపిస్తోంది, భోజనాల టైములో 4:20, రాత్రి అల్లుడు అలిగి వెళ్ళిపోయేటప్పుడూ 4:20. దొరికింది అని అత్తకు ఫోన్ స్క్రీన్ చూపించాను. ఆమె స్క్రీన్ చూడలేదు, నా తల మీదుగా గోడకేసి చూసి, "మనింట్లో గడియారం తిరగతా ఉండాదా అబ్బోడా?" అంది. వెనక్కి తిరిగి చూస్తే మా గడియారం ఏడూ నలభై దగ్గర ఎప్పట్నుంచో ఆగిపోయి ఉంది, సెల్లు మార్చమని నాకే చెప్పారట.